ఆచార్య వినోబా భావే : పొలము తగవులకు మాటయే మందు



మన సంఘ వార్షిక మహాసభా సంచికయందు ఏటేట నొక మహనీయుని జీవితమును ప్రకటించుట ఆచారమై వచ్చుచున్నది. ఈ యేడా భారము నాపై నుంచబడినది. రాజుల చరిత్రములును, కవుల చరిత్రములును, దాతల చరిత్రములును లోగడ మీరు చదివియే యున్నారు. నేనిప్పుడు చెప్పబోవునది రాజ్యము గాని ధనము గాని లేక, కాలినడకన ఊరూర తిరిగి, రైతుల నడుమ గూర్చుండి, మాటచేతనే తగవులు దీర్ప యత్నించిన యొక తపస్వి జీవితము. ఆయన మన ప్రాంతమువారు గారు; మన భాషవారును గారు. అయినను ఆయన జీవితమందలి ముఖ్యఘట్టము మన తెలుగునేలమీద, ఈ హైదరాబాదు నగరమునకు పాతిక ముప్పది మైళ్ల దూరముననే జరిగినది. ఆయనయే ఆచార్య వినోబా భావే.

ఈ చరిత్రమునే యేల యెన్నుకొంటినో ముందుగా మనవి చేసికొందును. ఉద్యోగవిరమణానంతరము నేను కృష్ణానగరునందు మా కుమారుని యింట నివసించుచున్నాను. ఈ పేట చలనచిత్రములను నమ్ముకొని పల్లెలు విడిచి వచ్చినవారితో నిండియున్నది. దీపములు పట్టువారు, రంగులు వేయువారు, వడ్రంగులు, దర్జీలు, చిన్న వేషమునకై యేండ్ల తరబడి వేచియుండువారు ఉదయమున తేనీటి దుకాణములకడ గుమిగూడి యుందురు. వారి మాటలన్నియు చిత్రములను గూర్చియే యుండునని మనమనుకొందుము. చెవియొగ్గి విన్నచో సగము మాటలు ఊరిలోని పొలమును గూర్చియే. గెట్టు జరిపిన దాయాది, తూము మూసిన పొరుగువాడు, పంటపై బడిన పశువులు, బందెలదొడ్డి, కోర్టు వాయిదా - ఇవియే మాటలు. ఇక్కడ సంపాదించిన కూలి అక్కడి వాయిదాలకు పోవుచున్నది. మన సంఘీయులలోను ఈ బాధ లేని కుటుంబములు తక్కువ. అందుచే ఈ చరిత్రము మనకు కాలక్షేపము గాదు, అవసరము.

పూర్వుల మతము

మన ధర్మశాస్త్రములయందు రాజు విచారింపవలసిన వ్యవహారములు పదునెనిమిదిగా విభజింపబడినవి. అందు సీమావివాద మొకటి. మనుస్మృతియొక్క యెనిమిదవ అధ్యాయమున దీనిని గూర్చి చెప్పిన సంగతులు చూచినచో నేటి రైతునకు సైతము ఆశ్చర్యము కలుగును. పొలిమేరలయందు మఱ్ఱి, రావి, మోదుగు, బూరుగు, తాడి మొదలగు వృక్షములను పెంపవలెనట. హద్దుల విషయమున మనుష్యులు నిత్యము పొరపడుచుందురు గావున రాళ్లు, ఎముకలు, ఊక, బూడిద, కుండపెంకులు, బొగ్గులు నేలలో మరుగుగా పాతిపెట్టవలెనట. ఇంత చేసినను సందేహము తీరక, సాక్షులును దొరకనిచో, చుట్టుపట్ల నాలుగు గ్రామములవారు రాజసన్నిధిని హద్దు నిర్ణయింపవలెనట.

ఇందలి సూక్ష్మమును గమనింపుడు. దండమును, సైన్యమును గల రాజునకు సైతము పొలము గట్టు ఎచ్చటనున్నదో పొరుగువాడే చెప్పవలసి యున్నది. పొరుగువాని నోటినుండి సత్యము రావలెనన్నచో వానితో మాటలాడవలెను. మాట తెగినచో హద్దును తెగిపోవును. వినోబాగారి జీవితమంతయు ఈ చిన్న సూత్రమునకు వ్యాఖ్యానమువలె నాకు దోచుచున్నది.

జననము, బాల్యము

మహారాష్ట్రమునందలి కొలాబా జిల్లాలో గాగోదె యను చిన్నపల్లె గలదు. ఆ జిల్లాకే నేడు రాయగఢమని పేరు. అచ్చట 1895వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదిని నరహరి భావే, రుక్మిణీదేవి దంపతులకు జ్యేష్ఠపుత్రుడుగా వీరు జన్మించిరి. తలిదండ్రు లిడిన పేరు వినాయకుడు. వినోబా యను పేరు తరువాత గాంధీమహాత్ముని ఆశ్రమమున వచ్చినది.

తల్లి చదువుకొన్నది కాదు. కాని కొడుకునకు తొలి గురువామెయే. ఇంటి పెరటి పనసచెట్టు కాయలు పండినప్పుడు ఆమె తొనలు తీసి ఆకుదొన్నెలలో నుంచి, ముందుగా ఇరుగుపొరుగు ఇండ్లన్నిటికి పంచిరమ్మని బాలుని పంపెడిది. పంచి వచ్చిన పిమ్మటనే వానికి తొన దొరకెడిది. ఇచ్చువాడు దేవుడనియు, దాచుకొనువాడు రాక్షసుడనియు ఆమె నేర్పినట్లు వారు పెద్దవారైన పిమ్మట పలుమారు చెప్పుకొనిరి. పొరుగువాని గడప త్రొక్కుటకు వెఱవని స్వభావము వారికా పనసతొనలతోనే అబ్బినదని నా నమ్మకము.

తండ్రి ఉద్యోగము బరోడాలో నగుటచే విద్యాభ్యాసము అచ్చట సాగినది. గణితమున మిక్కిలి ప్రజ్ఞ గలవారు. కాని డిగ్రీలయం దాసక్తి లేక, తమ యోగ్యతాపత్రములను వంటయింటి పొయ్యిలో వేసి కాల్చివేసిరి. 1916వ సంవత్సరము మార్చి నెలలో పరీక్షకై బొంబాయికి బయలుదేరి, నడుమ సూరతునందు బండి మారి కాశికి పోయిరి. అచ్చట గాంధీమహాత్ముడు కాశీ విశ్వవిద్యాలయమున చేసిన ప్రసంగమును గూర్చి పత్రికలో చదివి, సందేహములు వ్రాసి పంపగా, ఉత్తరములతో తేలునది కాదు, వచ్చి మాటలాడుమని మహాత్ముడు పిలిచెను. ఆ యేడు జూన్ 7వ తేదిని అహమ్మదాబాదు చెంత కొచ్‌రబ్ ఆశ్రమమున వారిరువురు తొలిసారి కలిసికొనిరి. ఒక్క సంభాషణము వారి జీవితగతిని మార్చివేసెను. తరువాతి కాలమున ముఖాముఖి మాటపై వారికుండిన విశ్వాసమునకు బీజమిదియే కావచ్చును.

అధ్యయనము, ఆశ్రమజీవనము

నాబోటి సంస్కృతాభిమానులకు మరియొక సంగతి ముచ్చట గొలుపును. 1917వ సంవత్సరమున వారు ఆశ్రమమునుండి ఒక యేడు సెలవు గైకొని, వాయి క్షేత్రమున నారాయణశాస్త్రి మరాఠే గారికడ ఉపనిషత్తులు, గీత, శాంకరభాష్యముతో గూడ బ్రహ్మసూత్రములు చదివిరి. యేడు నిండిన దినమునకే ఆశ్రమమునకు మరలి వచ్చిరి. ఇంత పాండిత్యము గడించియు వారు పీఠమెక్కి కూర్చుండలేదు. నూలు వడకిరి, బట్ట నేసిరి, మరుగుదొడ్లు శుభ్రము చేసిరి. 1921వ సంవత్సరము ఏప్రిల్ 8వ తేదిని మహాత్ముని యానతిపై వార్ధా ఆశ్రమ నిర్వహణమునకు వచ్చిరి.

తల్లి సంస్కృతమెరుగనిదగుటచే తనకు తెలియునట్టి మరాఠీ గీత కావలెనని కొడుకు నడిగినది. ఆమె 1918వ సంవత్సరముననే గతించినను, ఆ కోరికను మరువక, 1930వ సంవత్సరమున మొదలిడి గీతను మరాఠీ పద్యములుగా వ్రాసి గీతాయీ యని పేరిడిరి. 1932వ సంవత్సరమున ధూలియా చెరసాలలో తోటి ఖైదీలకు ఆదివారముల గీతాప్రసంగములు చేసిరి. వానిని సానే గురూజీ వ్రాసికొనిరి. 1940వ సంవత్సరము అక్టోబరు 17వ తేదిని వ్యక్తిసత్యాగ్రహమునకు మహాత్ముడు మొదటివానిగా వీరినే యెన్నుకొనగా, అంతవరకు దేశమున పలువురెరుగని పేరు అందరి నోట నాడెను.

1942వ సంవత్సరపు ఉద్యమమున చెరబడి వేలూరు కారాగృహమున నున్న కాలమున వారు మన తెలుగుతో పాటు దక్షిణదేశ భాషలు నాలుగింటిని అభ్యసించిరి. ఎదుటివాని మనస్సు తెలియగోరువాడు మొదట వాని భాష నేర్వవలెనను నియమము వారిది. విడుదలయైన పిమ్మట, 1946వ సంవత్సరము మొదలు, తాము నివసించు పవనారు చెంతనున్న సుర్‌గాఁవ్ అను పల్లెకు ప్రతిదినము పార భుజమున వైచుకొని నడచిపోయి వీధులు శుభ్రము చేసెడివారు. ఎండయైనను వానయైనను ఆ పని మానలేదు. పవనారు ఆశ్రమములో నేల త్రవ్వి, బావి త్రవ్వి, ధనముతో పనిలేక తమ చేతి కష్టముతోనే పంట పండించు ప్రయోగమును చేసిరి. కావున రైతునకు నేలయన్న నేమో వారు గ్రంథములలో చదివి తెలిసికొన్నది కాదు. చేతులు కాయలు గాచి తెలిసికొన్నది.

తెలంగాణమునకు రాక

1948వ సంవత్సరమున మహాత్ముడు గతించిన పిమ్మట వినోబాగారు దేశవిభజనముచే నిల్లు వాకిలి గోల్పోయిన కాందిశీకుల నడుమను, మేవాతు ముసల్మానుల నడుమను పని చేసిరి. ప్రభుత్వపు ఉత్తరువులు పల్లెకు జేరునప్పటికి ఎంత యాలస్యమగునో అప్పుడే వారు కన్నులార చూచిరి.

ఆ దినములలో మన తెలంగాణపు పల్లెలు ఎట్లుండెనో పెద్దల నోట మీరు వినియుందురు. నిజాము పాలనయందు దేశముఖుల చేతులలో వేలకొలది యెకరములు చిక్కియుండెను. వెట్టిచాకిరి చేయువానికి సెంటు భూమి లేదు. 1946వ సంవత్సరమున సాయుధ పోరాటము చెలరేగెను. 1948వ సంవత్సరము సెప్టెంబరులో సైనికచర్య జరిగి నిజాము రాజ్యమంతరించినను కలత తీరలేదు. రాత్రి దళములు, పగలు పోలీసులు. భూమి గలవాడు ఊరు విడిచి పట్టణము జేరెను. భూమి లేనివాడు భయముతో ఊరనే యుండెను. ఒకే చెరువు క్రింద బ్రతుకు పొరుగువారు ఒకరి మొగమొకరు చూచుకొనుట మానిరి.

1951వ సంవత్సరము ఏప్రిల్ నెలలో హైదరాబాదు చెంత శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము జరిగెను. వినోబాగారు మార్చి 8వ తేదిని పవనారునుండి బయలుదేరి, సుమారు 300 మైళ్లు కాలినడకన వచ్చి, ఏప్రిల్ 7వ తేదికి శివరాంపల్లి జేరిరి. సమ్మేళనము ముగిసిన పిమ్మట రైలెక్కి పోయియుండవచ్చును. పోలేదు. శ్రీరామనవమి నాడు హైదరాబాదు చెరసాలలో నున్న కమ్యూనిస్టు ఖైదీలను కలిసికొని మాటలాడి, నల్లగొండ దిక్కునకు నడక సాగించిరి. కలహమునకు ఒక పక్షమువారి మాట విని పోవుట వారి పద్ధతి గాదు. మొదట చెరలో నున్నవారి మాట వినిరి, పిమ్మట పల్లెకు బోయిరి.

పోచంపల్లి

ఏప్రిల్ 18వ తేదిని వారు పోచంపల్లి జేరిరి. నాడది నల్లగొండ జిల్లాలోనిది. నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో నున్నది. పట్టుచీరెలకు నేడది లోకప్రసిద్ధము. నాటి దాని స్థితి వేరు. ఊరిలోని కుటుంబములలో పెక్కింటికి సొంతభూమి లేదు.

వినోబాగారు ఉదయమున ఊరు జేరి మొదట హరిజనవాడకు బోయిరి. అచ్చటివారితో కూర్చుండి వారి కష్టమేమని యడిగిరి. కూలి చాలదనియు, ఏడు పొడుగున పని దొరకదనియు, భూమి యున్నచో తామే దున్నుకొని బ్రతుకుదుమనియు వారు చెప్పిరి. ఎంత భూమి కావలెనని వారు మరల అడిగిరి. ఆ వాడవారు తమలో తాము విచారించుకొని, నలువది కుటుంబములకు 80 యెకరములు చాలుననియు, అందు సగము తరి, సగము మెట్ట యైనచో బ్రతుకగలమనియు లెక్క చెప్పిరి.

ప్రభుత్వమునకు వ్రాసి యత్నింతునని మొదట వినోబాగారు తలచిరి. కాని కాందిశీకుల నడుమ చూచిన యాలస్యము జ్ఞప్తికి వచ్చెను. అందుచే అచ్చట గుమిగూడిన గ్రామస్థులవైపు తిరిగి, ప్రభుత్వము చేయులోపల ఊరివారు చేయగలిగిన సాయమేమైన గలదా యని ప్రశ్నించిరి. ఎవరిని పేరుపెట్టి అడుగలేదు, ఎవరిని నిందింపలేదు. అప్పుడా సభలో నుండిన వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి, దివంగతులైన తమ తండ్రిగారి యభీష్టమును దలచుకొని, నూరెకరముల భూమి నిత్తుమని పలికిరి. అడిగినది 80 యెకరములు, ఇచ్చినది నూరు. సాయంకాలపు ప్రార్థనసభలో అందరి యెదుట ఆ మాట స్థిరపడెను. ఇదియే భూదానమునకు తొలి దానము. ఆనాటినుండి ఆ యూరు భూదాన పోచంపల్లి యైనది. దాతకును భూదాన రామచంద్రారెడ్డి యను పేరే నిలిచినది.

ఆ రాత్రి వినోబాగారికి నిద్రపట్టలేదట. బిడ్డకు ఆకలి నిచ్చిన భగవంతుడు తల్లికి పాలునిచ్చినట్లు, ఒక చేత అడిగించి వేరొక చేత ఇప్పించినది ఆయనయే యని తలచి, వెఱవక అడుగుచు సాగవలెనని నిశ్చయించుకొనిరి.

ఆ సంభాషణమందలి క్రమము

ఈ ఘట్టమును పలువురు దానమహిమగా కొనియాడిరి. నాకు మాత్రము ఇందు మాటలాడిన క్రమమే ముఖ్యముగా దోచుచున్నది. మొదటిది, వారు తమకడకు రమ్మని కబురు పంపలేదు. కష్టము గలవాని యింటికి తామే బోయిరి. రెండవది, తక్కువ గలవాని మాట ముందుగా వినిరి; ఏలయన ఎక్కువ గలవాని మాట వినువారు ఎల్లప్పుడును గలరు. మూడవది, కష్టమును కన్నీటితో ముగింపనీయక అంకెలోనికి తెచ్చిరి. భూమి కావలెననుట యొక మొర. 80 యెకరములు, సగము తరి, సగము మెట్ట యనుట యొక ప్రతిపాదన. మొరకు జాలి పడవచ్చును గాని బదులు చెప్పలేము. ప్రతిపాదనకు బదులు చెప్పవచ్చును. నాలుగవది, ఆ ప్రశ్నను చాటున గాక పదుగురి నడుమ వేసిరి. ఐదవది, భూమి గలవానిని దోషిగా నిలువబెట్టలేదు. ఇచ్చుటచే నతని గౌరవము పెరుగునే గాని తరుగని మార్గము నతనికి విడిచిరి. తలవంచక దిగివచ్చుటకు మెట్టున్నచో మానవుడు దిగివచ్చును. లేనిచో గోడవలె నిలుచును.

పిమ్మట తెలంగాణమున 51 దినములు వారు నడచిరి. తెల్లవారకముందే బయలుదేరి పది పండ్రెండు మైళ్లు నడచి యొక యూరు జేరుట, భూమి గలవారిని లేనివారిని కలిసి అర్జీలు వినుట, సాయంకాలము అందరిని ఒక్కచోట కూర్చుండబెట్టి ప్రార్థన సలుపుట - ఇదియే నిత్యకృత్యము. భూమి గలవారితో వారు చెప్పిన మాట మన కుటుంబధర్మమునకు దగ్గరగా నుండెను. ఐదుగురు కొడుకులున్నచో తమ్మును ఆరవ కొడుకుగా నెంచి ఆరవపాలు బీదల కిమ్మని యడిగెడివారు. పాలు అడుగువాడు దాయాదియే గాని శత్రువు గాడు గదా! ఆ పర్యటనమున 12,201 యెకరములు లభించినవి.

తరువాతి కథ

తెలంగాణమున మొదలైన నడక పదుమూడేండ్లు సాగెను. 1952వ సంవత్సరమున ఉత్తరప్రదేశమునందలి మంగరోఠు గ్రామము ఊరు ఊరంతయు భూమిని ఉమ్మడిగా నర్పించి తొలి గ్రామదాన మాయెను. 1955, 56 సంవత్సరములయందు వారు మరల మన తెలుగునాట నడచిరి. 1958వ సంవత్సరమున రామన్ మెగసెసే బహుమానము వారిని వరించెను. 1960వ సంవత్సరము మే నెలలో చంబలు లోయయందు సుమారు ఇరువదిమంది బందిపోటు దొంగలు తుపాకులు తెచ్చి వారి పాదములకడ నుంచిరి. తుపాకి గలవాడు సైతము మాటకు లొంగుననుటకు ఇంతకంటె సాక్ష్యమేల? 1964వ సంవత్సరము ఏప్రిల్‌లో పవనారు జేరిరి. కడపటి యేండ్లు అచ్చటి ఆశ్రమమున ధ్యానమందు గడపి, 1982వ సంవత్సరము నవంబరు 15వ తేదిని పరమపదించిరి. మరుసటి యేడు భారతప్రభుత్వము వారికి భారతరత్న బిరుదము నర్పించెను.

చరిత్రము వ్రాయువాడు మెచ్చుకోలు మాత్రమే వ్రాసి లోపమును దాచుట ధర్మము గాదు. దేశమంతట నలువది లక్షల యెకరములకు మించి దానముగా వచ్చినను, అందు చాలభాగము పేదల చేతికి పంపకము కాలేదు. కొందరు రాళ్లగుట్టల నిచ్చిరి. కొందరు అప్పటికే వ్యాజ్యములో నున్న భూమి నిచ్చిరి. కొన్నిచోట్ల దాత గతింపగానే వారసులు తిరుగబడిరి. ఇది భూస్వాములను కాపాడు ఉపాయమని కమ్యూనిస్టులు ఆనాడే విమర్శించిరి. దానపు భూములకై 1965వ సంవత్సరమున ఆంధ్రప్రదేశమున ప్రత్యేక శాసనమే చేయవలసి వచ్చినది. అయినను తగవులు నిలిచియే యున్నవి.

ఇందలి దోషము మాటది గాదు. మాట తరువాత జరుగవలసిన పనిది. ప్రార్థనసభలో పలికిన మాటను మరునాడే గొలుసు పట్టి కొలిచి, హద్దురాళ్లు పాతి, కాగితముపై నెక్కించి, పహాణీలో పేరు మార్పించియున్నచో చాల భూములు దక్కియుండెడివి. మాట విత్తనము వంటిది. విత్తి విడిచినచో పిట్టల పాలగును. కలుపుతీసి నీరు పెట్టినచో పంటయగును.

నా స్వానుభవము

ఇట్లు పరులకు చెప్పు నేను ఈ విషయమున మిక్కిలి తప్పు చేసినవాడను. మా స్వగ్రామమున మా తండ్రిగారి నాటి మూడెకరముల మాగాణికి తూర్పుగట్టు ఒక మూర వెడల్పు మాదని మేమును, తమదని పొరుగువారును వ్యాజ్యమాడితిమి. ఆ గట్టుపై నొక తాటిచెట్టుండెను. వ్యాజ్యము పదునాలుగేండ్లు నడచినది. ఆ నడుమ మా తండ్రిగారు గతించిరి. వారి తండ్రిగారును గతించిరి. ఒక గాలివానకు ఆ తాటిచెట్టును కూలినది. కాగితములలో మాత్రము చెట్టు నిలిచియే యున్నది! గట్టు వెలకు పదిరెట్లు వాయిదాలకు పోసితిమి. పాఠశాలలో ముప్పదియేండ్లు నేను పిల్లలకు సంధియు విగ్రహమును బోధించితిని. ఆ రెండు మాటలకు పొత్తు, పోరు అను అర్థములు గూడ గలవని బోధించితిని. ఇంటికి వచ్చి విగ్రహమునే నడపితిని గాని సంధికి యత్నింపనైతిని.

తుదకు పొరుగింటి యజమాని, నా యీడువాడు, అకస్మాత్తుగా మరణించెను. పలుకరింపు మానరాదు గావున వెఱచుచునే పోతిని. ఆయన భార్య చాప వేయించి, అన్నయ్యా యని పిలిచి, మజ్జిగ యిప్పించినది. మా తండ్రులిద్దరు ఒకే బావిపై వంతులవారీగా మోట తోలుకొన్న దినములను ఆమె తన మామగారి నోట వినియున్నది. నేను కన్నులార చూచియున్నాను. ఆ మాటలు పూర్తియగునప్పటికి పొద్దు వాలినది. గట్టు సంగతి ఆమెయే యెత్తినది. కర్మలు ముగిసిన పిమ్మట ఇరువురము సగము సగము ఖర్చు పెట్టుకొని కొలిపించి, నడుమ రాళ్లు పాతించి, న్యాయస్థానమున రాజీపత్రము దాఖలు చేసితిమి. పదునాలుగేండ్ల వ్యాజ్యము ఒక మధ్యాహ్నపు మాటతో తీరెను. ఆ మనిషి బ్రతికియున్న కాలముననే నేను పోయి ఆ యరుగుపై గూర్చుండలేదే యను చింత నాకు నేటికిని తీరలేదు.

మన కర్తవ్యము

కావున మహాసభకు విచ్చేసిన పెద్దలకును, సంఘపోషకులకును నేను చేయు విన్నప మిది. పొలము తగవు తలయెత్తగానే వకీలు నింటికి బోవుటకు ముందు పొరుగువాని యింటికి బొండు. విత్తులు వేయు తరుణమునను, కోతల తరుణమునను తగవు తీర్పబోకుడు. చేతిలో పని లేని వేసవిలో కూర్చుండుడు. పాత పగలన్నిటిని ఒక్కమారు ముందుంచక, గట్టు మాట గట్టువరకే, నీటి మాట నీటివరకే యుంచుడు. ఇంటి స్త్రీలను ఆ మాటలయందు కూర్చుండనిండు. పలుచోట్ల తెగిన మాటను మరల కలుపువారు వారే. సంఘము తరఫున ప్రతిచోట ఇరుపక్షములకు సమ్మతులైన పెద్దలను నియమించి, వారు తీర్పరులుగా గాక వినువారుగా నుండునట్లు చూడవలెను. వేరు కులమువాడు ఎదుటిపక్షమైనప్పుడు వారి పెద్దలను సమానముగా కూర్చుండబెట్టుట మరువరాదు. మన వారిని గెలిపించు సంఘము తగవు తీర్చు సంఘము కానేరదు.

మాట కుదిరిన పిమ్మట కొలత, రాయి, కాగితము ఈ మూడును వెంటనే జరుగవలెను. 1987వ సంవత్సరపు న్యాయసేవాధికార సంస్థల శాసనము ననుసరించి లోక్ అదాలతులో కుదిరిన రాజీకి సివిలు కోర్టు డిక్రీతో సమానమైన బలము గలదు; దానిపై అప్పీలు లేదు. 2023వ సంవత్సరమున పార్లమెంటు చేసిన మధ్యవర్తిత్వ శాసనమునందు సైతము ఇరుగుపొరుగు వారి నడుమ శాంతికి భంగము గలిగించు వివాదములను సామాజిక మధ్యవర్తులచే తీర్చుకొను మార్గము చెప్పబడినది. నాలుగు గ్రామముల సాక్ష్యము నడిగిన ప్రాచీనులును, చట్టము చేసిన నేటివారును ఒక్కచోటికే వచ్చిరి.

కృష్ణానగరు మేడలపై నిలిచి చూచినచో ఎవ్వరి గట్టును కానరాదు. ఒకరి గోడయే వేరొకరికి గోడ. ఇట్టిచోట ఇరుకున కలిసి బ్రతుకగలుగుచున్న మనము, విశాలమైన పొలములో ఒక మూర నేలకై పొరుగువానిని గోల్పోవుట తగునా? ఈ సంవత్సరము సంక్రాంతికి మీరు ఊళ్లకు బోయినప్పుడు, మాట తెగియున్న పొరుగింటి అరుగుపై ఒక్కమారు కూర్చుండి రండు. వినోబాగారికి మనము చేయదగిన నివాళి యిదియే.

సర్వే జనాః సుఖినో భవంతు.